అమ్మానాన్న ఇద్దరూ పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు బడికి ఎలా వెళ్లాలి?

నేను పొద్దున 5:50కి ఇంట్లోంచి బయటపడతాను. మా ఆయన 6:30కి. మా అమ్మాయి ఏడో తరగతి. బడి గేటు తీసేది 8:10కి. కొత్త ఇంటికి మారినప్పుడు మేమిద్దరం వారం రోజులు ఒకటే వాదన: బస్సా, వ్యానా, నడకా? ఆ తర్వాత గానీ తట్టలేదు, అసలు సంగతి పక్కన పెట్టి కొసరు పట్టుకున్నామని. దారి ఇరవై నిమిషాలు. అంతకుముందు పిల్ల ఇంట్లో ఒక్కతే ఉండేది గంటా ఇరవై నిమిషాలు. మేం ఆ ఇరవై గురించే కొట్టుకుంటున్నాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఏ ఏర్పాటు చేసుకున్నా, అన్నీ సవ్యంగా జరిగే రోజును చూసి చేసుకోకండి. అలారం మోగని రోజు, జోరు వాన కురిసే రోజు, బస్సు రాని రోజు, తాళం చెవి కనపడని రోజు కూడా వస్తాయి. అలాంటి రోజున పిల్ల ఏమవుతుందో చూసి ఎంచుకోండి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే.

1. ముందు కాగితం మీద నాలుగు టైములు రాయండి

ఇంట్లోంచి చివరి పెద్దమనిషి వెళ్లే టైము. పిల్ల బయల్దేరాల్సిన టైము. బడి గేటు తీసే టైము. మొదటి గంట కొట్టే టైము. ఈ నాలుగూ ఒకదాని కింద ఒకటి రాసి, మధ్యలో ఎన్ని నిమిషాలో వేయండి. ఏ ఖాళీ పెద్దదో అక్కడే మీ సమస్య ఉంది.

మూడో టైము చాలామంది ఊహించుకుని రాస్తారు. అలా వద్దు, బడి ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. గేటు తీయగానే లోపల టీచరో, వాచ్‌మనో ఉంటారా? ముందే వచ్చిన పిల్లలు లైబ్రరీలోనో హాల్లోనో కూర్చోవచ్చా? కొన్ని బళ్లలో ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల కోసమే ఇలాంటి ఏర్పాటు ఉంటుంది, అడిగితే తప్ప చెప్పరు. అలా ఉంటే డ్యూటీకి వెళ్తూ మీరే దింపేసి వెళ్లొచ్చు, ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. లేదంటే మాత్రం గేటు తీయకముందు పిల్లను బయట దింపి వెళ్లిపోవద్దు. ఇంట్లో ఒంటరిగా ఉండటం కన్నా మూసిన గేటు ముందు ఒంటరిగా నిలబడటం అధ్వాన్నం.

ఇంకోటి, మీ ఆఫీసులో అడగడానికి మొహమాటపడకండి. ఇద్దరిలో ఒకరికి అరగంట వెనక్కి జరిగినా, వారానికి రెండు రోజులే జరిగినా, భారం సగానికి సగం తగ్గుతుంది. మా ఆయనకి కుదరదన్నారు. అయినా అడిగిందే మంచిదైంది, పిల్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తే పని మధ్యలో మాట్లాడనిస్తామన్నారు.

2. వయసు కాదు, పిల్లను చూడండి

ఒంటరిగా వదిలే వయసు గురించి మీరుండే చోట నిబంధన ఏదైనా ఉందేమో ముందు కనుక్కోండి. కొన్నిచోట్ల చట్టమే వయసు చెబుతుంది. చాలాచోట్ల చెప్పదు గానీ, పిల్లకి ప్రమాదం ముంచుకొచ్చేలా వదిలేస్తే తల్లిదండ్రులనే తప్పుపడతారు. బ్రిటన్‌లో చట్టం ఇంత వయసని చెప్పదు. అక్కడి బాలల సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ మాత్రం, 12 ఏళ్లలోపు పిల్లలకు ఆపద వస్తే తట్టుకునే పరిణతి అరుదుగానే ఉంటుందని, వాళ్లను ఎక్కువసేపు ఇంట్లో ఒంటరిగా వదలొద్దని చెబుతుంది. అంటే ఆరో తరగతి పిల్లకీ ఎనిమిదో తరగతి పిల్లకీ ఒకే ఏర్పాటు సరిపోదు.

వయసు అటుంచితే, నేను చూడమనేవి ఇవి. అలారంతో తనంతట తను లేస్తుందా? గడియారం చూసి పని ముగిస్తుందా, లేక మీరు అరిస్తేనే కదులుతుందా? తలుపు తాళం వేసి, లాగి చూసుకుంటుందా? అన్నిటికన్నా పెద్దది, తప్పు జరిగితే చెప్తుందా, దాస్తుందా? తిడతారని దాచే పిల్లను ఒంటరిగా పంపడం మహా టెన్షన్. అది పిల్ల తప్పు కూడా కాదు, ముందు మన గొంతు తగ్గించుకోవాలి.

ఇవన్నీ అడిగితే తెలిసేవి కావు. సెలవు పెట్టుకున్న వారంలో నేనో పరీక్ష పెట్టాను. 'ఇవాళ నేను ఇంట్లో లేననుకో' అని చెప్పి, గదిలో తలుపేసుకుని కూర్చున్నా. మొదటి రోజు హాల్లోంచి పావుగంట పాటు ఫోన్‌లో వీడియోల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. 7:40కి ఒక్కసారిగా పరుగులు. సాక్సు ఒకటి దొరకలేదు. చివరికి వేర్వేరు జతల్లోవి తొడుక్కుని, నీళ్ల సీసా టేబుల్ మీదే వదిలేసి, 7:58కి తలుపు వేసింది. తాళం వేసిన చప్పుడు రాలేదు. నాలుగో రోజుకి 7:48కి బయటపడింది, తాళం రెండుసార్లు లాగిన శబ్దం నాకు లోపలికి వినపడింది. ఆ చప్పుడు వినేదాకా నాకు ధైర్యం రాలేదు.

3. దారిని అదే టైముకి నడిచి చూడండి

ఆదివారం సాయంత్రం వెళ్లి చూస్తే ఆ రోడ్డు వేరు. పిల్ల వెళ్లే టైముకే, పని రోజున, కాలినడకన వెళ్లండి. ఎన్నిచోట్ల రోడ్డు దాటాలి? ఎక్కడెక్కడ సిగ్నల్ ఉంది? చలికాలంలో ఆ టైముకి వెలుతురు ఉంటుందా? ఆగి ఉన్న బండ్ల మధ్యలోంచి దాటాల్సిన చోటు ఉందా? మీకు ఆ బండ్ల మీదుగా రోడ్డు కనిపిస్తుంది, మీ భుజం ఎత్తు పిల్లకి కనపడదు. అక్కడ ఒకసారి వంగి చూడండి.

రోడ్డు దాటడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 'పన్నెండేళ్లొచ్చాయి, ఆ మాత్రం దాటలేదా' అనుకుంటాం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చేత తెర మీద సృష్టించిన రోడ్డు దాటించి చూశారు. 14 ఏళ్ల వాళ్లు మాత్రమే పెద్దవాళ్లలాగా దాటగలిగారు. చిన్నవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది రెండు రకాలు. వచ్చే బండికీ తమకీ మధ్య ఎంత వ్యవధి ఉందో సరిగా అంచనా వేయలేరు. అంచనా వేసినా, ఒక బండి దాటిపోగానే అడుగు వేయకుండా ఒక క్షణం తటపటాయిస్తారు. ఆ క్షణంలోనే ఉన్న వ్యవధి తరిగిపోతుంది.

లెక్క వేసి చూపిస్తాను. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు అనుకుందాం. మామూలు నడకలో దాటడానికి 6 సెకన్లు పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకొస్తుంది. అంటే పిల్ల దాటేలోపు అది 80 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. ఒకటి రెండు సెకన్ల తటపటాయింపు కలిపితే దాదాపు 100 మీటర్లు, ఆపైనా వచ్చేస్తుంది. 'దూరంగా ఉందిలే' అని పిల్లకి అనిపించే బండి చాలాసార్లు ఇంతకన్నా దగ్గరే ఉంటుంది. మేం దాటే చోటు నుంచి నా పెద్ద అంగలతో నూట ఇరవై లెక్కపెట్టుకుంటూ వెళ్లి, అక్కడున్న పసుపు రంగు బోర్డును గుర్తు పెట్టుకున్నాం. బోర్డుకి ఇవతల బండి ఉంటే కదలకూడదు, అంతే. అంచనా వేసే పని పిల్లకి లేకుండా పోయింది. అసలు సిగ్నల్ ఉన్న చోటే దాటేలా దారి మారిస్తే ఇంకా మేలు. అయిదు నిమిషాలు చుట్టు తిరిగినా ఆ దారే పెట్టండి.

దారిలో అవసరమైతే ఆగి సాయం అడగదగ్గ చోట్లు రెండు మూడు పిల్లకు చూపించండి. ఆ టైముకి తెరిచి ఉండే దుకాణమో, తెలిసినవాళ్ల ఇల్లో. చూపిస్తే చాలదు, ఒకసారి లోపలికి తీసుకెళ్లి పలకరించి రండి. పరిచయం లేని గుమ్మం పిల్లలు ఎక్కరు.

4. ఇప్పుడు నడకా, సైకిలా, బస్సా, ఇంకొకరి కారా తేల్చండి

నడక: కిలోమీటరుకి పావుగంట వేసుకోండి. బ్యాగుతో, స్నేహితులతో కబుర్లాడుతూ అయితే ఇంకో అయిదు నిమిషాలు. కిలోమీటరున్నర, మహా అయితే రెండు వరకూ ఈ వయసు పిల్లలు బాగానే నడుస్తారు. నడక గొప్పదనం ఏమిటంటే, చెడిపోదు, లేటుగా రాదు, వదిలేసి వెళ్లిపోదు. అందుకే చెడ్డ రోజు పరీక్షలో నా దృష్టిలో మొదటి మార్కు దానిదే. తోడుగా అదే దారిలో వెళ్లే ఇంకో పిల్ల దొరికితే మిగతా వాటి గురించి ఆలోచించే పనే లేదు. బ్యాగు బరువు పిల్ల బరువులో పది, పదిహేను శాతం మించకుండా చూడండి. నలభై కిలోల పిల్లకి అది నాలుగు నుంచి ఆరు కిలోలు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, ఇక్కడ బేరం లేదు.

సైకిల్: దారి బాగుంటే రెండు మూడు కిలోమీటర్లకి మంచిది. కానీ ఒంటి చేత్తో నడుపుతూ రెండో చేత్తో సిగ్నల్ ఇవ్వగలదా, తల తిప్పి వెనక్కి చూస్తే సైకిల్ పక్కకి లాగకుండా ఉంటుందా అని ఖాళీ స్థలంలో చూడండి. రెండూ రాకపోతే రోడ్డెక్కించొద్దు. హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, కాకపోతే హ్యాండిల్‌కి తగిలించుకున్న హెల్మెట్ తలను కాపాడదు.

బస్సు లేదా స్కూల్ వ్యాన్: లోపల కూర్చున్నాక పెద్ద బస్సులో భయం తక్కువ. భయమంతా ఎక్కేచోట, దిగేచోట. బస్సు చుట్టూ మూడు మీటర్ల మేర డ్రైవరుకి సరిగా కనపడదు. దిగగానే అయిదారు పెద్ద అడుగులు దూరం జరగాలి, బస్సు వెనక నుంచి రోడ్డు దాటకూడదు. పెన్సిల్ డబ్బా బస్సు కిందకి దొర్లితే వంగి తీసుకోకూడదు. ఈ ఆఖరిది విడిగా చెప్పండి. పోయిన వస్తువు కోసం పిల్లలు అన్నీ మర్చిపోతారు. వ్యాన్ అయితే ఎన్ని సీట్లున్నాయి, ఎంతమంది పిల్లలున్నారు అని అడగడం కాదు, ఒకరోజు వెళ్లి తలలు లెక్కపెట్టండి.

ఇంకో కుటుంబం కారు: పద్ధతిగా పెట్టుకుంటే ఇది చాలా హాయి. 'చూద్దాంలే, కుదిరిన రోజు తీసుకెళ్తాం' అనే మాట మీద మాత్రం ఆధారపడకండి. ఏ వారం ఎవరు, ఎన్ని గంటలకి, వాళ్లకి కుదరకపోతే ముందు రోజు రాత్రి ఎన్నింటిలోపు చెప్పాలి అన్నది రాసి పెట్టుకోండి. 13 ఏళ్లలోపు వాళ్లు వెనక సీట్లో కూర్చోవాలి, బెల్టు పెట్టుకోవాలి. మనం పొద్దున దింపలేం కాబట్టి సాయంత్రాలో, సెలవు రోజుల్లో ఆటల ప్రాక్టీసుకో మన వంతు తీసుకుంటే మొహమాటం ఉండదు, స్నేహమూ చెడదు.

క్యాబ్ యాప్‌లలో చాలావాటి నిబంధనలు 18 ఏళ్లలోపు వాళ్లను ఒంటరిగా ఎక్కనివ్వవు. కొన్ని దేశాల్లో ఊబర్‌లో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకు తల్లిదండ్రుల ఖాతాతో ముడిపెట్టిన టీన్ ఖాతా ఉంది. రోజువారీ ఏర్పాటుగా నేనైతే దాన్ని పెట్టుకోను.

5. చెడ్డ రోజు కోసం తలుపు వెనక ఓ కాగితం

మేం మొదట కుదుర్చుకున్నది వ్యాన్. మూడో వారంలో ఒకరోజు అది పది నిమిషాలు ముందే వచ్చి, ఎవరూ లేరని వెళ్లిపోయింది. మా అమ్మాయి సరిగ్గా 7:40కి వెళ్లి నిలబడింది. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది, అక్కడే ఉంది. 8:50కి అటుగా వెళ్తున్న ఒకావిడ ఆగి, పిల్లను అడిగి, తన ఫోన్‌లోంచి మా ఆయనకి ఫోన్ చేసింది. సాయంత్రం నేను గట్టిగా కోప్పడబోయాను. 'నువ్వే కదమ్మా స్టాప్ వదిలి ఎక్కడికీ వెళ్లొద్దన్నావ్' అంది. నిజమే. ఏం చేయాలో చెప్పాను, ఎప్పటిదాకా చేయాలో చెప్పలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ప్రతి సూచనకీ ఒక టైము, ఆ తర్వాత చేయాల్సిన పని తగిలించి ఉంటాయి. వ్యాన్ మానేసి నడక మొదలుపెట్టాక తలుపు వెనక అంటించిన కాగితం ఇది:

స్నేహితురాలు 7:55 దాకా రాకపోతే సిగ్నల్ దారిలో ఒక్కదానివే వెళ్లు.
జోరు వాన అయితే ఇంట్లోనే ఉండు, స్నేహితురాలి వాళ్ల నాన్న 7:55కి కారు తెస్తారు. 8:05కి కూడా రాకపోతే నాన్నకి ఫోన్.
జ్వరం, కడుపు నొప్పి ఉంటే వెళ్లొద్దు. పై అంతస్తు ఆంటీకి చెప్పు, తర్వాత నాన్నకి ఫోన్.
తాళం పోతే ఆంటీ దగ్గర రెండోది ఉంది.
ఎవరైనా 'మీ అమ్మ పంపింది' అంటే మన మాట అడుగు. చెప్పలేకపోతే వెనక్కి తిరుగు.

ఆ 'మన మాట' మా ముగ్గురికే తెలుసు. ఇంటి నంబరు, పెంపుడు జంతువు పేరు లాంటివి పెట్టుకోకండి, వాటిని ఎవరైనా ఊహిస్తారు.

కాగితంలో నా పేరు లేకపోవడం గమనించారా? డ్యూటీలో నా ఫోన్ లాకర్లో ఉంటుంది. తల్లి కదా అని నా నంబరు మొదట రాస్తే పిల్ల మూడుసార్లు చేసి ఏడుస్తుంది. మొదటి నంబరు ఫోన్ ఎత్తగలిగేవాళ్లది, రెండోది పావుగంటలో ఇంటికి రాగలిగేవాళ్లది అయి ఉండాలి. ఆ రెండూ నోటికి వచ్చేదాకా అప్పజెప్పించుకోండి. బ్యాటరీ అయిపోయిన ఫోన్లో ఉన్న నంబరు ఉన్నా లేనట్టే.

6. చేరిందో లేదో ఎలా తెలుస్తుంది?

బడిలో అడగండి, పిల్ల రాకపోతే ఎన్ని గంటలకి మీకు కబురు చేస్తారు? హాజరు తీసి, ఆఫీసుకి పంపి, అక్కడివాళ్లు ఫోన్ చేసేసరికి గంట దాటిపోవచ్చు. ఆ గంట మీకు ఎక్కువ అనిపిస్తే సొంత పద్ధతి పెట్టుకోండి. గేటు దగ్గర ఫోన్ ఆఫ్ చేసేముందు ఒక మెసేజ్ చాలు. 8:20 దాటినా మెసేజ్ రాకపోతే మా ఆయన ముందు స్నేహితురాలి వాళ్ల అమ్మకి, తర్వాత బడి ఆఫీసుకి ఫోన్ చేస్తారు. పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు అలా జరిగింది, రెండుసార్లూ మర్చిపోయింది, అంతే.

లొకేషన్ చూపించే యాప్ పెట్టుకుంటే పిల్లకి చెప్పే పెట్టండి. అది ఫోన్ ఎక్కడుందో చెబుతుంది గానీ పిల్ల ఎక్కడుందో చెప్పదు.

7. ఇంట్లో ఆ గంటా ఇరవై నిమిషాలు

పొయ్యి, ఇస్త్రీ పెట్టె ముట్టుకునే పని ఏదీ పెట్టకండి. తినాల్సింది, తొడుక్కోవాల్సింది రాత్రే సిద్ధం చేసి, బ్యాగు తలుపు పక్కన పెట్టించండి. ఎవరు తలుపు కొట్టినా తీయకూడదు. తాళం చెవికి చిరునామా ఉన్న చీటీ కట్టకండి, పోగొట్టుకుంటే ఇల్లు అప్పజెప్పినట్టే. బ్యాగు లోపలి జేబుకి తాడుతో కట్టేస్తే మేలు.

మీతోపాటే అయిదున్నరకి లేపేయాలా అన్నది చాలా ఇళ్లలో గొడవ. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అయిదున్నరకి లేవాలంటే పన్నెండేళ్ల పిల్ల రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోవాలి. అది జరిగే పని కాదు కాబట్టి మేం పడుకోనిస్తాం. 6:20కి వాళ్ల నాన్న లేపి, మంచం దిగేదాకా చూసి వెళ్తారు. 'ఆఁ లేచా' అనే మాట నమ్మి వెళ్లిపోతే మళ్లీ పడుకుంటుంది.

8. ఒక్కసారిగా వదిలేయకండి

మూడు రోజులు పక్కన నడవండి, దారి మీరు చెప్పకుండా పిల్లనే చెప్పమనండి. తర్వాత మూడు రోజులు యాభై అడుగులు వెనక ఉండండి. ఆ తర్వాత ఒంటరిగా పంపి, గేటు దగ్గర మీరో తెలిసినవాళ్లో ఉండండి. దీనికోసం కొన్ని సెలవులు ఖర్చవుతాయి, అవనివ్వండి. ఆపైన చెడ్డ రోజులు కూడా సాధన చేయించండి. ఒకరోజు మీరే తాళం చెవి తీసి దాచేసి, ఏం చేస్తుందో చూడండి.

నెల తిరిగాక కూర్చోబెట్టి అడగండి. 'అంతా బాగానే ఉందా' అంటే 'ఊఁ' అంటుంది. 'దారిలో నీకు నచ్చని చోటు ఏది' అని అడగండి. నేను అలా అడిగితే, మూతబడిన భవనం మూల దగ్గర రెండు కుక్కలు పడుకుంటాయని, తోడు లేని రోజున అటు వెళ్లకుండా పెద్ద రోడ్డు మీదుగా, సిగ్నల్ లేని చోట దాటి వెళ్తున్నానని చెప్పింది. మూడు వారాలుగా. నేను అంగలు లెక్కపెట్టి గుర్తు పెట్టిన పసుపు బోర్డు దారి కాదది.

ఆ శనివారమే ఇద్దరం వెళ్లి మధ్య వీధిలోంచి ఇంకో దారి వెతికాం. నాలుగు నిమిషాలు ఎక్కువ. తలుపు వెనక కాగితం మీద పైన రాసున్న 7:50ని తనే పెన్నుతో కొట్టేసి, పక్కన 7:46 అని రాసుకుంది.